దాహాన్ని కూడా ఆపుకుంటున్నాం

ఎండలు ముదిరేసరికి పత్రికల ఆరోగ్య పేజీలన్నీ ఒకే మాట చెబుతాయి. నీళ్లు బాగా తాగండి, మూత్రం వచ్చినప్పుడు ఆపుకోకండి. మాటలో తప్పేమీ లేదు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా రోజుకు సుమారు 2 లీటర్లు, అంటే ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగమని చాలా కాలంగా చెబుతూనే ఉంది. ఎండలో తిరిగేవాళ్లకు, పాలిచ్చే తల్లులకు ఇది కూడా చాలదు. అదే తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి ఉంది. అక్కడ మందుల కోసం వరసలో నిలబడ్డ మహిళా కండక్టర్‌కు ఈ సలహా ఇచ్చి చూడండి. ఆమె మీకు ఎదురు ప్రశ్న వేస్తుంది. "తాగితే ఎక్కడ పోవాలె మేడం?"

ఈ ప్రశ్నకు ఆరోగ్య పేజీల్లో జవాబు ఉండదు. ఆ పేజీలు రాసేవాళ్ల దృష్టిలో నీళ్లు తాగకపోవడం ఒక చెడ్డ అలవాటు. గోళ్లు కొరకడం, ఆలస్యంగా నిద్రపోవడం లాంటిది. స్త్రీకి నచ్చచెబితే మానుకుంటుంది. కానీ ఇంట్లోంచి కాలు బయటపెట్టే ప్రతి స్త్రీ పొద్దున్నే ఒక లెక్క వేసుకుంటుంది. ఎన్ని గంటలకు బయలుదేరుతున్నాను, దారిలో ఎక్కడ వీలవుతుంది, తిరిగి ఇల్లు చేరేది ఎప్పుడు, అందాకా ఎన్ని గుక్కలు తాగొచ్చు. ఆ లెక్క తెలియక వేసింది కాదు, బాగా తెలిసి వేసింది. ఊరు ఇచ్చిన వసతిని బట్టి ఒళ్లు చేసుకున్న సర్దుబాటు అది. సర్దుబాటు పేరుతో స్త్రీల ఒంట్లోకి ఇంకిపోయిన చాలా విషయాల లాగే దీన్ని కూడా మనం స్వభావం అనుకుంటున్నాం.

దీన్ని గురించి మాట్లాడుకోవడానికి మనకు సరైన మాట కూడా లేదు. చదువుకున్న పాతకాలం ఇళ్లలో అల్పాచమానం అనేవారు, పుస్తకాల్లో లఘుశంక అని రాసేవారు. పల్లెల్లో ఒంటికి పోయి రావడం అంటారు, బడిపిల్లలు చిటికెన వేలు చూపిస్తారు, ఆఫీసుల్లో ఆడవాళ్లు బాత్‌రూమ్ అని సగం మింగేసి ఊరుకుంటారు. మొగవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. గోడలన్నీ వాళ్లవే. "ఇచ్చట మూత్రము పోయరాదు" అన్న రాతలు ఊరంతా ఎవరిని ఉద్దేశించి ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు. స్త్రీలకు అలాంటి హెచ్చరిక రాయాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు, ఎందుకంటే వాళ్లు ఆపుకుంటారని అందరికీ తెలుసు.

ఆపుకుంటే ఏమవుతుందో ముందు చూద్దాం. మూత్రాశయం సుమారు 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పట్టే కండర సంచి. సగం నిండకముందే, 150, 200 మిల్లీలీటర్ల దగ్గరే మెదడుకు మొదటి కబురు పంపుతుంది. ఎప్పుడైనా ఒకపూట ఆపుకున్నంత మాత్రాన జబ్బు వచ్చేయదు. రోజూ, ఏళ్ల తరబడి ఆపుకోవడం వేరు. సాగిపోయిన కండరం పట్టు తప్పుతుంది, పూర్తిగా ఖాళీ కాదు, లోపల మిగిలిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. స్త్రీలలో మూత్రం బయటికి వచ్చే గొట్టం పొడవు 4 సెంటీమీటర్లే. పురుషుల్లో అది 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మలద్వారం దగ్గర ఉండే ఈ-కోలై అనే సూక్ష్మజీవి ఈ చిన్న దూరాన్ని సులభంగా దాటుతుంది. జీవితంలో ఒక్కసారైనా మూత్రంలో ఇన్ఫెక్షన్ బారిన పడే స్త్రీలు దాదాపు సగం మంది ఉంటారని వైద్యులు చెబుతారు. మాటిమాటికీ వెళ్లి పోసుకోవడమే ఒంటికి ఉన్న సహజమైన శుభ్రత. ధారతో పాటు సూక్ష్మజీవులు కొట్టుకుపోతాయి. మన లెక్క ఆ రెండు దారులనూ మూసేస్తోంది. నీళ్లు తాగకపోతే ధార తయారవదు, ఆపుకుంటే తయారైనది కూడా బయటికి పోదు.

నీళ్ల విషయంలో గట్టి రుజువు ఉంది. తరచూ మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే, రోజుకు లీటరున్నర కన్నా తక్కువ ద్రవాలు తాగే 140 మంది స్త్రీలతో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2018లో అమెరికా వైద్య పత్రికలో వచ్చాయి. సగం మందిని రోజుకు మరో లీటరున్నర నీళ్లు అదనంగా తాగమన్నారు. ఏడాది తిరిగేసరికి మామూలుగా ఉన్నవాళ్లకు సగటున 3.2 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, నీళ్లు ఎక్కువ తాగినవాళ్లకు 1.7 సార్లే వచ్చింది. మందు లేదు, ఖర్చు లేదు. కాకపోతే అదనంగా తాగిన లీటరున్నర ఎక్కడికో పోవాలి కదా. ప్రయోగంలో పాల్గొన్న స్త్రీలకు ఆ చోటు ఉండే ఉంటుంది.

ఒక చిన్న విషయం చెప్పాలి, ఎందుకంటే ఇది చదువుకున్న ఉద్యోగినులు ఎక్కువగా చేసే పని. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కమోడ్ శుభ్రంగా ఉండదని దాని మీద కూర్చోకుండా, తాకకుండా, సగం వంగి గాలిలో నిలబడి కానిచ్చేస్తాం. 1991లో బ్రిటన్‌లో వైద్యులు దీన్ని కొలిచి చూశారు. అలా వంగినప్పుడు ధార ఐదో వంతు మేర మందగిస్తుందని, లోపల మిగిలిపోయే మూత్రం రెట్టింపును మించుతుందని తేలింది. తొడల కండరాలు బిగిసి ఉంటే కింది కండరాలు వదులు కావు. పూర్తిగా గొంతుక్కూర్చునే మన పాత పద్ధతిలో ఈ చిక్కు లేదు. కమోడ్ అయితే తుడుచుకుని, కాగితం పరుచుకుని నిమ్మళంగా కూర్చోవాలి. అయితే నిమ్మళంగా కూర్చోవాలంటే తలుపుకు గడియ ఉండాలి.

మిగతా జాగ్రత్తలు మన కార్యకర్తలకు తెలిసినవే అయినా, బస్తీ సమావేశాల్లో చెప్పేటప్పుడు తేడా రాకుండా ఒకసారి గుర్తు చేసుకుందాం. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే ఒంటికి నీళ్లు సరిపోతున్నట్టు, ముదురు పసుపులోకి తిరిగితే చాలనట్టు. మెలకువగా ఉన్నప్పుడు మూడు నాలుగు గంటలకు ఒకసారి వెళ్లడం మంచిది. చెమట పోసేవాళ్లకు ఉత్త నీళ్లు చాలవు, మజ్జిగలో ఉప్పు, గంజి, అంబలి కావాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి. మంటకు మందుల షాపులో రెండు మాత్రలు కొనుక్కుని తగ్గగానే ఆపేయడం అన్నింటికన్నా ప్రమాదం. జబ్బు పూర్తిగా పోదు, మందు పనిచేయడం మానేస్తుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే మూత్రం కల్చర్ పరీక్ష చేయించాలి. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం కనిపిస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయి ఉండొచ్చు, ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులకు మంట లేకపోయినా పరీక్ష చేయాలి. ఎందుకంటే గర్భంలో మూత్రనాళాలు వదులై ఇన్ఫెక్షన్ సులభంగా పైకి పాకుతుంది, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఇక దగ్గినా తుమ్మినా చుక్కలు పడుతున్నాయని నీళ్లు మానేసే స్త్రీలున్నారు. కాన్పుల తర్వాత, నడివయసులో ఇది చాలామందికి ఉండేదే. నీళ్లు మానితే మూత్రం చిక్కబడి మంట, ఆత్రం ఎక్కువవుతాయి. మూత్రం ఆపుకునే కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం రోజూ కొన్ని వారాల పాటు చేస్తే చాలామందికి మెరుగవుతుంది. ఆ వ్యాయామం మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయకూడదు.

ఇంత వివరంగా చెప్పడానికి మరో కారణం ఉంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీల నిష్పత్తి దేశంలో తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు వరుసగా చూపిస్తున్నాయి. పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట, మంట. మన స్త్రీలు ఈ మూడింటినీ కలిపే చెబుతారు, వినేవాళ్లు మూడింటినీ విడదీసి అడగరు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదితో మొదలై, పట్నంలో స్కానింగ్ దాటి, "సంచి పాడైంది, తీసేద్దాం" దగ్గర ఆగే దారి మనలో చాలామందికి తెలుసు. ఆ దారి మొదట్లోనే ఎవరైనా మూత్రపరీక్ష రాయాలి, "పనిలో ఉన్నప్పుడు ఎన్నిసార్లు వెళ్తావమ్మా?" అని అడగాలి. హైదరాబాదులో వచ్చిన "సవాలక్ష సందేహాలు" లాంటి పుస్తకాలు స్త్రీలు తమ ఒంటి గురించి తామే అడగడం నేర్పాయి. ఇప్పుడు డాక్టర్లు మన పని గురించి అడిగేలా చేయాలి.

మళ్లీ కండక్టర్ దగ్గరికి వద్దాం. తెల్లవారుజామున డిపోలో డ్యూటీ ఎక్కిన మనిషి మధ్యాహ్నం దాకా బస్సులోనే. ట్రిప్పు చివర్లో బస్సు ఆగేది కొద్ది నిమిషాలు. డ్రైవరు దిగి ఏ చెట్టు చాటుకో వెళ్లి వస్తాడు. ఆమె లెక్క రాసుకుంటూ సీట్లోనే కూర్చుంటుంది, లేదా ఎదురుగా ఉన్న హోటలువాణ్ణి, పెట్రోలు బంకువాణ్ణి బతిమాలుకుంటుంది. ట్రాఫిక్‌లో ఆలస్యమైతే ఆ నిమిషాలు కూడా ఉండవు. 2019లో 52 రోజుల ఆర్టీసీ సమ్మె ముగిశాక, డిసెంబర్ 1న అప్పటి ముఖ్యమంత్రి కార్మికులతో సమావేశమై మహిళా ఉద్యోగులకు రాత్రి 8 దాటాక డ్యూటీ వేయొద్దని, ప్రతి డిపోలో వాళ్లకు ప్రత్యేకంగా టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు ఉండాలని చెప్పారు. డ్యూటీ మారే కొన్ని చోట్ల పాత బస్సులను టాయిలెట్లుగా మార్చి నిలిపే ప్రయత్నం కూడా జరిగింది. ఇంత చిన్న విషయం ముఖ్యమంత్రి నోటి దాకా రావడానికి అంత పెద్ద సమ్మె, అన్ని చావులు కావలసి వచ్చాయి. పైగా అది హక్కుగా కాక దయగా వచ్చింది.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితం. స్త్రీలు ఇళ్లలోంచి కదలడం ఎంత పెద్ద మార్పో నగరంలో ఏ బస్సు ఎక్కినా కనిపిస్తుంది. ఈ పథకాన్ని వెక్కిరించేవాళ్లతో మనకు ఏకీభావం లేదు. అయితే ఇన్ని లక్షల మంది స్త్రీలు రోడ్డు మీదికి వచ్చారంటే, వాళ్లకు దారిలో మూత్రవిసర్జన అవసరం కూడా వచ్చినట్టే. ఆ లెక్క ఎవరూ వేయలేదు. బస్సు టికెట్టు సున్నా, బస్‌స్టేషన్ టాయిలెట్ దగ్గర మాత్రం చిల్లర పెట్టాలి. ముంబైలో 2011లో స్త్రీలు ఉద్యమం మొదలుపెట్టింది సరిగ్గా ఈ అన్యాయం మీదనే. మొగవాళ్ల మూత్రశాలలు ఉచితం, ఆడవాళ్ల దగ్గర మాత్రం డబ్బు వసూలు. బయటికి పోతే డబ్బు, లోపల ఆపుకుంటే జబ్బు.

హైదరాబాద్‌లో టాయిలెట్లు కట్టలేదని అనలేం. 2020లో పట్టణాల్లో వెయ్యి మందికి ఒకటి చొప్పున, అందులో సగం స్త్రీలకు ఉండేలా కట్టాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టింది. పేటికల్లాంటి టాయిలెట్లు ఫుట్‌పాత్‌ల మీద వరసగా వెలిశాయి. ఏడాదిలోపే చాలా చోట్ల తాళాలు పడ్డాయి, లేదా నీళ్లు ఆగాయి, బల్బు పోయింది, గడియ ఊడింది. రాత్రి చీకట్లో మొగవాళ్ల గుంపు పక్క నుంచి నడిచి ఆ పేటికలోకి వెళ్లే ధైర్యం ఏ స్త్రీకి ఉంటుంది? ప్రభుత్వ లెక్కలో అది ఒక టాయిలెట్. ఆమె లెక్కలో అది లేదు.

తెల్లవారకముందే చీపురు పట్టి రోడ్డెక్కే పారిశుధ్య కార్మికులు ఎక్కువమంది దళిత స్త్రీలు. నగరాన్ని శుభ్రం చేసే మనిషికి ఆ వేళ తెరిచి ఉండే టాయిలెట్ ఉండదు. మా బౌద్ధనగర్, వారాసిగూడ గల్లీల నుంచి తార్నాక, హబ్సిగూడ అపార్ట్‌మెంట్లకు ఇంటిపనికి నడిచి వెళ్లే స్త్రీల సంగతి ఇంకా చిత్రం. నాలుగు ఇళ్లలో బాత్‌రూమ్‌లు రుద్ది కడుగుతారు. అందులో ఒక్కదాన్నీ వాడుకోనివ్వరు. కొన్ని చోట్ల సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబానికి ఇచ్చిన మరుగుదొడ్డే దిక్కు. ఇది స్థలం లేక వచ్చిన సమస్య కాదు, అంటు సమస్య. పేరు మార్చుకుని, టైల్స్ వేసుకుని, మన అపార్ట్‌మెంట్లలో సుఖంగా ఉంది. ఇది చదువుతున్నవాళ్లలోనూ ఇంటిపనికి మనిషిని పెట్టుకున్నవాళ్లుంటారు. చర్చ అక్కడ మొదలు కావచ్చు.

అందుకే టాయిలెట్లు కట్టండి అన్నప్పుడల్లా వాటిని ఎవరు కడుగుతారు అని కూడా అడగాలి. పాకీ పనిని నిషేధించే చట్టం 1993లో వచ్చింది, మళ్లీ 2013లో వచ్చింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన సఫాయి కర్మచారి ఆందోళన్ తొలి అడుగులు వేసింది తెలుగు నేల మీదే, బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్‌లు కలిసి నడిచిన రోజుల్లో. నీటి కనెక్షన్ లేని టాయిలెట్ కట్టడమంటే ఒక స్త్రీ అవసరం తీర్చడానికి ఇంకో స్త్రీ చేత ఆ పని చేయించడమే. నీళ్లు, పరికరాలు, జీతం, పనిచేసే గంటలు అన్నీ రాసి ఉన్న టాయిలెట్‌నే మనం అడగాలి.

నీళ్లు లేకపోతే టాయిలెట్ ఉన్నా లేనట్టే అన్నది మన ఉస్మానియా క్యాంపస్ చూసింది. 2024 ఏప్రిల్ చివర్లో లేడీస్ హాస్టల్ విద్యార్థినులు నీళ్లు లేవని, కరెంటు లేదని రోడ్డు మీదికి వచ్చారు. నీటి, విద్యుత్ కొరతను కారణంగా చూపిస్తూ మే నెలంతా హాస్టళ్లు మూసేస్తామన్న నోటీసు మీద పార్టీల మధ్య పెద్ద రగడ అయింది. ఎవరి ప్రభుత్వంలో ఎన్ని కోతలు, నోటీసు సరైనదా కాదా అని నాయకులు వాదించుకున్నారు. వందలాది ఆడపిల్లలు ఎండాకాలంలో, నెలసరి రోజులతో సహా, నీళ్లు లేని బాత్‌రూమ్‌లతో ఎలా నెట్టుకొస్తారు అన్న మాట ఆ వాదనలో ఎక్కడో జారిపోయింది. బకెట్టు నీళ్లు దాచుకునే హాస్టల్లో ఆడపిల్ల ముందు మానేసేది తాగడమే.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఫ్యాక్టరీల్లో స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు ఉండాలని 1948 చట్టమే చెప్పింది. నిర్మాణ కార్మికులకు మంచినీళ్లు, మరుగుదొడ్లు యజమాని బాధ్యత అని 1996 చట్టం చెప్పింది. బడిలో ఆడపిల్లలకు విడిగా టాయిలెట్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది, ఆరు నెలల్లో కట్టి తీరాలని 2012 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ స్త్రీలు, పురుషులతో పాటు ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకు కూడా వేరుగా వసతి ఉండాలంది. కానీ అది ముఖ్యంగా పది మంది, ఆపైన పనిచేసే చోట్ల కోసం రాసింది. ముగ్గురు అమ్మాయిలతో నడిచే బట్టల షాపు, ఫుట్‌పాత్ మీద కూరగాయల గంప ఆ లెక్కలోకి రావు. 2025 జనవరి 15న సుప్రీంకోర్టు అన్ని కోర్టు ఆవరణల్లోనూ స్త్రీలకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు టాయిలెట్లు ఉండాలని, ఇది జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది. న్యాయం అడగడానికి కోర్టు మెట్లెక్కిన స్త్రీకి ఈ వసతి ఉండాలని చెప్పడానికి రాజ్యాంగం వచ్చి 75 ఏళ్లు పట్టింది.

వీటన్నిటిలోనూ నాకు ఒక లోపం కనిపిస్తుంది. చట్టం గది గురించి మాట్లాడుతుంది, వేళ గురించి మాట్లాడదు. గది ఉంటుంది, వెళ్లడానికి వీలుండదు. ఒక్క టీచరే ఉన్న బడిలో క్లాసు వదిలి పోలేని పంతులమ్మకు, బందోబస్తులో నిలబడ్డ మహిళా కానిస్టేబుల్‌కు, కౌంటర్ వదిలితే జీతం కోసే షాపు అమ్మాయికి కావలసింది గోడలు మాత్రమే కాదు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వైపు వెళ్లి లోకోపైలట్లుగా పనిచేసే స్త్రీలను అడగండి. ఇంజన్లో టాయిలెట్ లేదని వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక ఇప్పుడిప్పుడే కొన్ని ఇంజన్లలో అమరుస్తున్నారు. స్టేషన్లో టాయిలెట్ ఉంది కదా అంటే, సిగ్నల్ ఆమె కోసం ఆగదు. అమెరికాలో 1998లో కార్మిక భద్రతా విభాగం ఈ తేడా గుర్తించింది. టాయిలెట్ కట్టి ఉంచితే చాలదు, అవసరం వచ్చినప్పుడు కార్మికులను వెళ్లనివ్వాలి అని యజమానులకు స్పష్టం చేసింది. అంతకు ముందు దాకా అక్కడి యజమానులూ "గది ఉంది కదా" అన్నవాళ్లే.

మనకు దగ్గరి ఉదాహరణ కోళికోడ్. అక్కడి మిఠాయి తెరువు బజారులో షాపుల్లో పనిచేసే స్త్రీలు విజి నాయకత్వంలో పెన్‌కూట్టు అనే సంఘంగా ఏర్పడింది మొదట టాయిలెట్ కోసమే. "నీళ్లు తాగకుండా ఉంటే సరిపోతుంది కదా" అన్న ధోరణి వాళ్లకూ కొత్త కాదు. టాయిలెట్‌తో మొదలైన గొడవ కూర్చునే హక్కు దాకా పోయింది, 2018లో కేరళ షాపుల చట్టాన్నే మార్పించింది. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. పెద్ద కేంద్ర సంఘాలు పట్టించుకోని చిన్న కోరికను పట్టుకుని, రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్లు సాధించింది ఇది. మన కోఠీ, అమీర్‌పేట చీరల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలకు అలాంటి సంఘం ఇంకా లేదు.

ఎండలు ఏటికేడు పెరుగుతున్నాయి. 2015 మే నెల వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. అప్పటి నుంచి ప్రతి వేసవిలోనూ నీళ్లు తాగమనే ప్రచారం ఉంది, చలివేంద్రాలు ఉన్నాయి. చలివేంద్రం పక్కన టాయిలెట్ ఎక్కడైనా చూశారా? తమిళనాడులో ఎండలో పనిచేసే స్త్రీల మీద చెన్నై పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం వేడిని, టాయిలెట్ లేకపోవడాన్ని కలిపి చూసింది. చాలామందికి పనిచోట టాయిలెట్ లేదు, అందువల్ల నీళ్లు తాగడం లేదు, మూత్ర సంబంధమైన బాధలు వాళ్లకు మామూలైపోయాయి. వడదెబ్బ ప్రణాళికలు రాసే అధికారులు ఈ ముడి చూడకుండా ఎన్ని ప్యాకెట్ల ఓఆర్‌ఎస్ పంచినా స్త్రీలు వాటిని ఇంటికి తీసుకుపోయి పిల్లలకిస్తారు.

కాబట్టి ఈ వేసవికి మన సంఘాలు తలపెట్టవలసిన పనులు చిన్నవే. ఆర్టీసీ యూనియన్లలోని స్త్రీలతో కలిసి షెడ్యూళ్లు చూద్దాం. ప్రతి డ్యూటీలో కనీసం రెండు చోట్ల, టాయిలెట్ ఉన్న చివరి స్టాపులో, పావుగంట విరామం రాతపూర్వకంగా ఉండాలని అడుగుదాం. ఆలస్యమైనా దాన్ని కోయకూడదు. బస్తీల్లో ఆరోగ్య సర్వే చేసేటప్పుడు టాయిలెట్ ఉందా అన్న గడితో ఆగకుండా నీళ్లు, గడియ, వెలుతురు, తెరిచే వేళ, డబ్బు ఎంత, పనిలోంచి వెళ్లనిస్తారా అన్నవి కూడా రాసుకుందాం. ఇంటిపని కార్మికుల సంఘాలు జీతం, సెలవుతో పాటు టాయిలెట్ వాడకాన్ని కూడా ఒప్పందంలో చేర్చాలి.

ఇక ఇందిరాపార్కు ధర్నా చౌక్. అంగన్‌వాడీలు, ఆశాలు తెల్లవారుజామున జిల్లాల్లో బస్సెక్కి వచ్చి సాయంత్రం దాకా ఎండలో కూర్చుంటారు. వాళ్లలో చాలామంది ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేస్తారు. పోలీసు అనుమతికి పెట్టే దరఖాస్తులో జనం ఎంతమంది, టెంటు ఎక్కడ, మైకు ఎన్ని గంటల దాకా అని రాస్తాం. ఈసారి అదే కాగితంలో, నీటి ట్యాంకరుతో పాటు స్త్రీలకు ఎన్ని మొబైల్ టాయిలెట్లు కావాలో అంకెతో సహా రాసి, ఒక ప్రతి నగర పాలక సంస్థకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుందాం.